ఛానల్ అంటే ఫ్రీక్వెన్సీయేనా? వైవాలో ఆగిపోయిన ఈసీఈ తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: హనుమకొండలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) మూడో సంవత్సరం చదువుతున్నావు. వైవాలో "ఛానల్ అంటే ఏమిటి?" అని అడిగితే "ఒక ఫ్రీక్వెన్సీ సార్" అన్నావు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే టీవీ ఛానల్, షానన్ ఛానల్ కెపాసిటీ, ఎన్-ఛానల్ మాస్‌ఫెట్, డీఎంఏ ఛానల్, డ్యూయల్ ఛానల్ ర్యామ్ అని ఎక్కడ చూసినా అదే మాట. ఇవన్నీ ఒకటేనా, వేరువేరా? పైగా ఇంట్లో వైఫైని ఛానల్ 6 నుంచి 4కు మార్చితే స్పీడ్ పెరగకపోగా తగ్గిందని కూడా రాశావు.

నేను చాలా ఏళ్లు టెలికాం ట్రాన్స్‌మిషన్‌లో పనిచేసి, ఇప్పుడు డిప్లొమా, బీటెక్ పిల్లలకు కమ్యూనికేషన్స్ చెబుతున్నాను. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. పుస్తకాలు ఒక్కో చాప్టర్‌లో ఒక్కో అర్థంతో వాడి, అర్థం మారిందని చెప్పకుండా ముందుకు వెళ్లిపోతాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు వైవా సంగతి. ఆయన అడిగింది బహుశా కమ్యూనికేషన్ సిస్టమ్ బ్లాక్ డయాగ్రమ్ గురించి. ట్రాన్స్‌మిటర్, ఛానల్, రిసీవర్ అని మూడు డబ్బాలు గీస్తాం కదా, అందులో మధ్య డబ్బా. అక్కడ ఛానల్ అంటే సిగ్నల్ పంపినచోటు నుంచి అందినచోటు దాకా ఉన్న దారి, ఆ దారిలో సిగ్నల్‌కు జరిగేదంతా. బలం తగ్గడం, ఆలస్యం కావడం, ఆకారం మారడం, నాయిస్ కలవడం అన్నీ అందులోకే వస్తాయి. ఫ్రీక్వెన్సీ చెబితే ఆ దారిలో నీ సిగ్నల్ ఎక్కడ కూర్చుందో చెప్పినట్టే తప్ప, దారి గురించి ఏమీ చెప్పినట్టు కాదు. మరి టీవీ ఛానల్, వైఫై ఛానల్ అన్నప్పుడు ఫ్రీక్వెన్సీయే కదా అంటావు. అక్కడ అర్థం వేరు. ఉన్న ఒక్క దారిని పదిమంది వాడుకోవాలి కాబట్టి దాన్ని ముక్కలు చేసి పంచుతాం. ఆ పంపకంలో వచ్చిన వాటాను కూడా ఛానల్ అనే అంటాం.

కమ్యూనికేషన్స్‌లో ఎదురయ్యే ఛానళ్లలో ఎక్కువ భాగం ఈ రెండింటిలో ఏదో ఒకటి. ఒకటి దారి, ఇంకొకటి వాటా. దారి అయితే "ఇది సిగ్నల్‌ను ఏం చేస్తుంది?" అని అడగాలి. వాటా అయితే "దేన్ని ముక్కలు చేశారు, పక్క ముక్క నుంచి దీన్ని వేరుగా ఉంచుతున్నది ఏది?" అని అడగాలి. ఈ ప్రశ్నలు వేసుకోవడం అలవాటైతే కొత్త సబ్జెక్ట్‌లో ఈ మాట వచ్చినా తడబడవు.

దారికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. రామగుండం వైపు వెళ్లినప్పుడు 400 కేవీ సబ్‌స్టేషన్‌ను గేటు బయటి నుంచి చూడు. లైన్ లోపలికి వచ్చేచోట పెద్ద డ్రమ్ము లాంటి కాయిల్ వేలాడుతూ ఉంటుంది. దాన్ని వేవ్ ట్రాప్ అంటారు. కరెంటు మోసే అదే తీగ మీద సుమారు 50 నుంచి 500 కిలోహెర్ట్జ్ మధ్య క్యారియర్ (సందేశాన్ని మోసే తరంగం) ఎక్కించి, ఒక సబ్‌స్టేషన్ నుంచి ఇంకో సబ్‌స్టేషన్‌కు ఫోన్ మాటలు, ప్రొటెక్షన్ రిలేల సిగ్నళ్లు పంపేవారు. పీఎల్‌సీసీ (పవర్ లైన్ క్యారియర్ కమ్యూనికేషన్) అంటే ఇదే. ఇప్పుడు చాలాచోట్ల ఎర్త్ వైర్‌లోనే ఫైబర్ పెట్టేశారు కానీ, పీఎల్‌సీసీ ఇంకా పూర్తిగా పోలేదు. ఇక్కడ ఛానల్ ఆ కరెంటు తీగే. దాని మీద 50 హెర్ట్జ్ పవర్ పారుతుంటుంది, వానాకాలం తీగ చుట్టూ గాలిలో వచ్చే కరోనా డిశ్చార్జ్ పెరిగి నాయిస్ లేస్తుంది, బ్రేకర్ పడినప్పుడల్లా పెద్ద ఇంపల్స్ వస్తుంది. వేవ్ ట్రాప్ 50 హెర్ట్జ్‌ను వదిలేసి, క్యారియర్‌ను మాత్రం సబ్‌స్టేషన్ బస్‌లోకి పోకుండా ఆపుతుంది. ఈ మొత్తం గొడవ మధ్యలోంచి సందేశం ఎంత వేగంగా, ఎంత నమ్మకంగా దాటుతుంది అన్నదే ఛానల్ గురించి అడగాల్సిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు 1948లో గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ లెక్క కట్టాడు. సి = బి × లాగ్2 (1 + ఎస్/ఎన్). సి అంటే సెకనుకు గరిష్ఠంగా దాటగల బిట్లు (కెపాసిటీ), బి బ్యాండ్‌విడ్త్, ఎస్/ఎన్ నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ బలం. ఈ ఫార్ములా అందరికీ నోటికి వస్తుంది, అంకెలు వేసి చూసేవాళ్లే తక్కువ. ఒకసారి వేద్దాం. పాత ల్యాండ్‌లైన్‌లో మాట 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా పోతుంది. అంటే బ్యాండ్‌విడ్త్ 3100 హెర్ట్జ్. సిగ్నల్ టు నాయిస్ 30 డీబీ అనుకుంటే అది 1000 రెట్లు. 1001కి లాగ్2 సుమారు 9.97. రెండూ గుణిస్తే సెకనుకు దాదాపు 31 కిలోబిట్లు. లైన్ ఇంకాస్త శుభ్రంగా ఉంటే కొంచెం పైకి. డయలప్ మోడెమ్‌లు 33.6 కిలోబిట్ల దగ్గర ఆగిపోయింది తయారీదారులకు చేతగాక కాదు, దారికి ఉన్న హద్దు అది. తర్వాత 56 కే ఎలా వచ్చిందంటే, ఇంటర్నెట్ కంపెనీ వైపు అనలాగ్ లైన్ తీసేసి నేరుగా డిజిటల్‌గా కలిపారు కాబట్టి. అంటే దారినే మార్చారు. షానన్ హద్దు మారలేదు.

ఇంకో చిన్న లెక్క, ఇది వైవాలో చెబితే ఎగ్జామినర్ కచ్చితంగా తలెత్తి చూస్తారు. బైనరీ సిమెట్రిక్ ఛానల్‌లో పంపిన 0 గానీ 1 గానీ ఒకే సంభావ్యతతో తారుమారవుతుంది, ఆ సంభావ్యత పీ అనుకో. పీ 0.11 అయితే ఒక్కో బిట్‌కు కెపాసిటీ 1 నుంచి సగానికి పడిపోతుంది. 0.5 అయితే సున్నా. మరి పీ 1 అయితే? చాలామంది పిల్లలు సున్నా అంటారు. కాదు, పూర్తిగా 1. ప్రతి బిట్‌నూ తప్పకుండా తిప్పేసే ఛానల్‌ను నమ్మవచ్చు, రిసీవర్‌లో ఒక్క ఇన్వర్టర్ పెడితే అంతా సరి. ఛానల్ చేసే నష్టం తప్పు చేయడంలో లేదు, ఎప్పుడు తప్పు చేస్తుందో తెలియకపోవడంలో ఉంది.

ఇక వాటాలు. ముక్కలు చేయడానికి చాలా మార్గాలున్నాయి. రేడియో పాత పద్ధతి, ఫ్రీక్వెన్సీని కోస్తుంది. ఆకాశవాణి వరంగల్ 103.5 మెగాహెర్ట్జ్ అంటాం కానీ, అది ఒక్క గీత కాదు. ఎఫ్ఎంలో ఫ్రీక్వెన్సీ పక్కకు జరిగే దూరం (డీవియేషన్) 75 కిలోహెర్ట్జ్, ఆడియో 15 కిలోహెర్ట్జ్ దాకా. ఎఫ్ఎం వెడల్పు లెక్కించే కార్సన్ రూల్ వేస్తే రెండూ కలిపి రెండింతలు, 180 కిలోహెర్ట్జ్ కావాలి. అందుకే 200 కిలోహెర్ట్జ్ ఇస్తారు. మీడియం వేవ్‌లో ఒక్కో స్టేషన్‌కు 9 కిలోహెర్ట్జ్ దూరం. హైదరాబాద్ స్టేషన్ 738 కిలోహెర్ట్జ్‌ను 9తో భాగించి చూడు, సరిగ్గా 82 వస్తుంది. "103.5" అన్నది వాటా మధ్యబిందువు, దాని చుట్టూ ఉన్న వెడల్పు మొత్తం ఛానల్.

టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌ల మధ్య మేము వాడిన ఈ1 (E1) అనే డిజిటల్ లైన్ కాలాన్ని కోస్తుంది. ఒక్కో మాటను సెకనుకు 8000 సార్లు, 8 బిట్లతో కొలిస్తే 64 కిలోబిట్లు. అలాంటివి 32 వరుసగా పేరిస్తే 2.048 మెగాబిట్లు. అందులో సున్నా స్లాట్ సింక్‌కు, 16వ స్లాట్ సిగ్నలింగ్‌కు పోతే మాటలకు మిగిలేవి 30. అప్పట్లో "ఏడో ఛానల్ నాయిస్ వస్తోంది" అని కంప్లైంట్ వస్తే, ప్రత్యేకంగా ఏడో తీగ అంటూ ఏమీ ఉండదు. అదే తీగ మీద ఏడో స్లాట్ సమయం. కాబట్టి తీగను కాదు, ఆ స్లాట్‌కు కలిసిన కార్డును చూడాలి. సీడీఎంఏ ఫోన్లలో కోడ్‌తో కోసేవారు. ఒకే 1.25 మెగాహెర్ట్జ్ వెడల్పును అందరూ ఒకేసారి వాడుతూ, ఒక్కొక్కరికి ఒక్కో వాల్ష్ కోడ్.

ఇప్పుడు మీ ఇంటికే వద్దాం. హనుమకొండలో ఇప్పుడు చాలా ఇళ్లకు కేబుల్ ఆపరేటర్ ఒకే ఫైబర్ లాగి, టీవీ, నెట్ రెండూ ఇస్తున్నాడు. స్తంభం మీది నుంచి దిగే ఆ సన్నటి నల్ల తీగలో ఎన్ని రకాల ఛానళ్లు ఒకదానిలో ఒకటి ఉన్నాయో చూస్తే, సెమిస్టర్ పాఠం మొత్తం అందులోనే దొరుకుతుంది.

మొదటి కోత కాంతి రంగులో. నెట్ కిందికి రావడానికి 1490 నానోమీటర్లు, మీ ఇంటి నుంచి పైకి వెళ్లడానికి 1310, టీవీకి 1550. మూడూ ఒకే గాజు పోగులో ఒకేసారి పోతాయి, ఒకదాన్ని ఒకటి ముట్టుకోవు. రెండో కోత ఆ 1550 లోపల. కాంతి మీద 47 నుంచి 862 మెగాహెర్ట్జ్ దాకా పాత కేబుల్ టీవీ బ్యాండ్ మొత్తం ఎక్కించి ఉంటుంది. దాన్ని 8 మెగాహెర్ట్జ్ చొప్పున కోస్తే వంద దాకా ముక్కలు. కేబుల్ టెక్నీషియన్ "ఆ ఛానల్ లెవెల్ పడిపోయింది" అంటే ఈ ముక్క గురించి. మూడో కోత ఒక్కో 8 మెగాహెర్ట్జ్ ముక్క లోపల. 64 క్వామ్ (QAM) మాడ్యులేషన్, సెకనుకు 6.875 మెగాసింబల్స్ అయితే సింబల్‌కు 6 బిట్ల లెక్కన 41.25 మెగాబిట్లు. తప్పులు దిద్దే రీడ్-సోలమన్ కోడ్ తన వంతు తీసుకోగా 38 మెగాబిట్లు మిగులుతాయి. అందులో 188 బైట్ల ప్యాకెట్లుగా పదో ఇరవయ్యో కార్యక్రమాలు కలిసి వస్తాయి. ఒక్కో ప్యాకెట్ మీద పీఐడీ అని ఒక నంబర్ ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్ ముందుగా పీఐడీ సున్నాను చదివి, ఏ కార్యక్రమం ఏ నంబర్లలో ఉందో తెలుసుకుని, వాటినే ఏరుకుంటుంది. ఇంట్లోవాళ్లు "ఛానల్ పెట్టు" అనేది ఈ కార్యక్రమాన్ని.

ఇక రిమోట్‌లో నొక్కే అంకె ఇంకో అంతస్తు. అది ఆపరేటర్ తన ఇష్టప్రకారం ఇచ్చిన లాజికల్ నంబర్. దానికీ ఫ్రీక్వెన్సీకీ సంబంధం లేదు. వార్తల ఛానళ్లన్నీ వరుసగా ఒకచోట కనిపిస్తున్నా, నిజానికి అవి వేరువేరు 8 మెగాహెర్ట్జ్ ముక్కల్లో చెల్లాచెదురుగా ఉండొచ్చు. ఆపరేటర్ నంబర్లు మార్చితే మీ అమ్మగారికి సీరియల్ దొరకదు కానీ, తీగలో పోయే సిగ్నల్‌లో చిన్న టేబుల్ తప్ప ఏమీ మారదు.

ఇది తెలిస్తే ఫాల్ట్ కూడా తొందరగా దొరుకుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీ ముక్కలో ఉన్న ఛానళ్లు మాత్రమే డబ్బాలు డబ్బాలుగా విరుగుతుంటే ఆ ముక్క లెవెలో, దాని మీద పడిన వేరే సిగ్నలో చూడాలి. టీవీ మొత్తం విరుగుతూ నెట్ మాత్రం బాగానే వస్తుంటే, స్తంభం దగ్గరో కిటికీ మూల దగ్గరో ఫైబర్ మరీ వంగిందేమో చూడు. వంపు దగ్గర 1550 ఎక్కువగా నష్టపోతుంది, 1310, 1490 అంతగా పోవు. పైగా టీవీకి సిగ్నల్ శుభ్రంగా ఉండాలి, నెట్ మాత్రం బలహీనమైన కాంతితోనూ నడుస్తుంది. ఇంట్లో ఫైబర్ కలిసే సాధారణ జీపాన్ పెట్టె (ఓఎన్‌టీ) మైనస్ 27 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలహీనం) దాకా ఓర్చుకుంటుంది. టైట్‌గా కట్టిన ప్లాస్టిక్ ట్యాగ్ కోసేసి, తీగను కాస్త పెద్ద చుట్టగా వదిలితే టీవీ తిరిగి వచ్చిన ఇళ్లు నేను చాలా చూశాను. అన్ని ఛానళ్లూ ఒకే తీగలో ఉన్నాయి కదా, పోతే అన్నీ పోవాలి అనుకున్నవాడికి ఆ ఫాల్ట్ అంతుచిక్కదు.

ఇప్పుడు నీ వైఫై. యాప్‌లో చూస్తే పక్కింటివాళ్లంతా 1 మీద, 6 మీద ఉన్నారు, 4 ఖాళీగా కనిపించింది, అందుకే మార్చానన్నావు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానల్ నంబర్లు 5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటాయి. 1 మధ్యబిందువు 2412, 4 అయితే 2427, 6 అయితే 2437. కానీ ఒక్కో రూటర్ వాడుకునే వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఛానల్ 4 అంటే 2417 నుంచి 2437 దాకా. ఛానల్ 1 వాళ్లు 2422 దాకా వస్తారు, ఛానల్ 6 వాళ్లు 2427 నుంచే మొదలవుతారు. అంటే నువ్వు ఖాళీ జాగాలోకి వెళ్లలేదు, ఇద్దరి మీదా పడ్డావు.

6 మీదే ఉంటే అక్కడివాళ్లతో గొడవ పడాలి కదా అనిపించవచ్చు. గొడవ కాదు, వంతు. ఒకే ఛానల్‌లో ఉన్న రూటర్లు ఒకదాని ప్యాకెట్ మొదటి భాగాన్ని ఇంకొకటి గుర్తుపట్టి, అది ఎంతసేపు మాట్లాడుతుందో చదివి, అంతసేపు ఆగుతాయి. సిగ్నల్ మైనస్ 82 డీబీఎం అంత బలహీనంగా ఉన్నా ఇలా గుర్తుపట్టాలి. సగం సగం కలిసిన ఛానల్‌లో ఆ మాటలు అర్థం కావు, వట్టి మోతగానే వినిపిస్తాయి. అర్థం కాని మోతకు ఆగాలంటే అది మైనస్ 62 డీబీఎం దాటాలి, అంటే వంద రెట్లు ఎక్కువ బలం ఉండాలి. దానికి తక్కువైతే ఆగకుండా మాట్లాడేస్తాయి, ఇద్దరి ప్యాకెట్లూ పాడవుతాయి, మళ్లీ మళ్లీ పంపుకుంటాయి. ఊళ్లో పంచాయితీ జరుగుతున్నప్పుడు కూర్చున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు, పక్క వీధిలో పెట్టిన మైకు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. నీ ఛానల్ 4 ఆ మైకు. అందుకే 1, 6, 11 తప్ప వేరేవి పెట్టకు. 40 మెగాహెర్ట్జ్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే 20కి తగ్గించు. ఫోన్, ల్యాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్‌ను పట్టుకుంటాయనుకుంటే రూటర్ ఉన్న గదిలో 36 గానీ 149 గానీ వాడు, గోడలు దాటి వెళ్లాల్సిన చోట 2.4 ఉంచు.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన సంగతి. "ఛానల్ 6" అన్నప్పుడు వాటా. అదే రూటర్ లోపల "ఛానల్ ఎస్టిమేషన్" అన్నప్పుడు మాత్రం దారి. ప్రతి ప్యాకెట్ మొదట్లో రెండు వైపులకూ ముందే తెలిసిన ఒక నమూనా పంపుతారు. అది ఎలా మారి వచ్చిందో చూసి, గోడల మీద తగిలి వచ్చిన ప్రతిధ్వనులు ఛానల్ లోపలి ఏ సన్నటి ఫ్రీక్వెన్సీ ముక్కను (సబ్‌క్యారియర్‌ను) ఎంత తగ్గించాయో రిసీవర్ లెక్క కడుతుంది. మనిషి గదిలో నడిస్తే ఆ లెక్క మారిపోతుంది. ఛానల్ నంబర్ 6గానే ఉంటుంది, ఛానల్ మాత్రం మారిపోయింది! పుస్తకంలో ఈ వాక్యం చదివి పిల్లలు బిత్తరపోతారు. రెండు అర్థాలు వేరు చేసుకుంటే ఇందులో వింతేమీ లేదు. ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై మైక్రోకంట్రోలర్ బోర్డు ఈ ఛానల్ లెక్కను బయటికి ఇస్తుంది కూడా. దానితో గదిలో మనిషి కదలికను పట్టే ప్రాజెక్టు చేయవచ్చు, కెమెరా అక్కర్లేదు.

మొబైల్‌కు వస్తే వాటాల పంపకం ఇంకా లోతుగా ఉంటుంది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు వెళ్లినవాళ్లందరికీ అనుభవమే. ఫోన్‌లో సిగ్నల్ నిండుగా చూపిస్తుంది, కాల్ మాత్రం కలవదు. తప్పిపోయినవాళ్ల కోసం వెతికేవాళ్ల టెన్షన్ అంతా ఇంతా కాదు. కంపెనీలు తాత్కాలిక టవర్లు పెట్టినా ఒక్కోసారి ఇదే పరిస్థితి. ఫోన్ మీద కనిపించే గీతలు టవర్ ఎప్పుడూ అందరికీ ప్రసారం చేసే రిఫరెన్స్ సిగ్నల్ బలాన్ని చూపిస్తాయి. వినడానికి అది చాలు. మాట్లాడాలంటే మాత్రం ముందు ఫోన్ "నాకు చోటు కావాలి" అని ర్యాండమ్ యాక్సెస్ ఛానల్‌లో అడగాలి. 4జీలో అలా అడగడానికి సెల్‌కు 64 నమూనాలుంటాయి, వాటిలో కొన్ని వేరే పనులకు కేటాయించవచ్చు. లక్షల మంది ఒకేచోట ఉన్నప్పుడు ఇద్దరు ముగ్గురు ఒకే నమూనాను ఎంచుకుంటే ఢీకొని, అందరూ మళ్లీ అడగాలి. ఆ ద్వారం దాటినా, ఎవరికి ఏ చోటు ఇచ్చారో చెప్పే కంట్రోల్ ఛానల్ నిండిపోవచ్చు, అసలు డేటా మోసే ఛానల్ నిండిపోవచ్చు. ఇవన్నీ ఒకే టవర్, ఒకే ఫ్రీక్వెన్సీ. పనిని బట్టి చేసిన వాటాలు మాత్రం వేరు. పాత జీఎస్ఎంలో ఎస్ఎంఎస్ మాటల ఛానల్‌లో కాకుండా సిగ్నలింగ్ ఛానల్‌లో పోయేది. అందుకే కాల్ కలవని చోట కూడా కొన్నిసార్లు మెసేజ్ చేరేది. 160 అక్షరాల హద్దు కూడా ఆ సిగ్నలింగ్‌లో దొరికిన 140 బైట్ల చోటు వల్ల వచ్చిందే. 5జీలోనైతే డేటా, కంట్రోల్ ఛానళ్లకు తప్పులు దిద్దే ఎర్రర్ కరెక్షన్ కోడ్ కూడా వేరు. డేటా ఛానల్‌కు ఎల్‌డీపీసీ, కంట్రోల్ ఛానల్‌కు పోలార్ కోడ్.

మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్‌లోని ఛానల్ ఈ రెండు కుటుంబాల్లోనూ లేదు. దాన్ని కమ్యూనికేషన్ ఛానల్‌తో కలపకు. అక్కడ ఛానల్ సిలికాన్‌లో పుట్టి మాయమయ్యే ఒక పలుచటి పొర. ఎన్-ఛానల్ ఎన్‌హాన్స్‌మెంట్ రకంలో సోర్స్, డ్రెయిన్ మధ్య పీ-టైప్ ఉంటుంది, కరెంటు పోదు. గేట్‌కు పాజిటివ్ వోల్టేజ్ ఇస్తే ఎలక్ట్రాన్లు ఉపరితలానికి వచ్చి చేరి దారి ఏర్పడుతుంది. వోల్టేజ్ తీసేస్తే పోతుంది. ల్యాబ్‌లో పిల్లలు ఐఆర్ఎఫ్540 మాస్‌ఫెట్‌ను ఈఎస్‌పీ32 పిన్‌తో నేరుగా నడిపి, "మోటార్ నెమ్మదిగా తిరుగుతోంది, మాస్‌ఫెట్ కాలిపోతోంది సార్" అంటారు. డేటాషీట్‌లో థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులు అని చూసి 3.3 చాలనుకుంటారు. ఆ థ్రెషోల్డ్ 250 మైక్రోఆంప్స్ పారడానికి కొలిచినది. అంటే ఛానల్ అప్పుడే పుట్టిందని అర్థం, పూర్తిగా తెరుచుకుందని కాదు. ఆన్ రెసిస్టెన్స్ విలువ గేట్‌కు 10 వోల్టులు ఇచ్చినప్పటిది. 3.3తో నడపాలంటే అంత తక్కువ వోల్టేజ్ దగ్గరే ఆన్ రెసిస్టెన్స్ రాసి ఉన్న లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ తీసుకో.

కంప్యూటర్ వైపు జాగ్రత్తగా చూడాల్సింది ఒక్కటే. ఛానళ్లు నిజంగా వేరా, పేరుకే వేరా? డ్యూయల్ ఛానల్ ర్యామ్‌లో నిజంగా వేరు. ఒక్కో ఛానల్‌కు 64 డేటా తీగలు విడిగా ఉంటాయి. డీడీఆర్4-3200 అయితే ఒక్కో ఛానల్ సెకనుకు 25.6 గిగాబైట్లు, రెండూ కలిసి 51.2. అందుకే 16 జీబీ స్టిక్ ఒకటి కొనేకంటే 8 జీబీవి రెండు కొని సరైన స్లాట్లలో పెట్టమని చెబుతాం. మీ మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లోని 8237 డీఎంఏ (ప్రాసెసర్ మీద ఆధారపడకుండా డేటా తరలించే చిప్) అలా కాదు. నాలుగు ఛానళ్లు అంటే నాలుగు జతల అడ్రస్, కౌంట్ రిజిస్టర్లు. బస్ మాత్రం ఒక్కటే, ఎప్పుడైనా ఒక్క ఛానలే దాన్ని వాడాలి. ఆర్డుయినో ఉనోలో ఆరు అనలాగ్ ఛానళ్లున్నాయి, కన్వర్టర్ ఒక్కటే. స్విచ్ ఒక్కో పిన్‌ను దానికి కలుపుతుంది. అందుకే ఎక్కువ రెసిస్టెన్స్ ఉన్న సెన్సర్‌ను ఏ1కి పెట్టి, ఏ0 తర్వాత వెంటనే చదివితే, లోపలి చిన్న కెపాసిటర్‌లో మిగిలిన ఏ0 చార్జ్ ఏ1 రీడింగ్‌లో కనిపిస్తుంది. ఒకసారి ఊరికే చదివి వదిలేసి, రెండోసారి వచ్చిన విలువ తీసుకుంటే సరిపోతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్లు అంటే ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో అంకె ఉండే మూడు పట్టికలు. సౌండ్‌లో స్టీరియో రెండు, 5.1 ఆరు. దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌లో ఒకే టీసీపీ కనెక్షన్ లోపల చాలా ఛానళ్లు నడుస్తాయి. ఇంటర్వ్యూలో "కనెక్షన్‌కూ ఛానల్‌కూ తేడా?" అంటే ఇదే ఉదాహరణ చెప్పు. కనెక్షన్ తెగితే అందులోని ఛానళ్లన్నీ పోతాయి, ఒక ఛానల్ మూసేస్తే కనెక్షన్ ఉంటుంది. యూట్యూబ్, టెలిగ్రామ్, వాట్సాప్ ఛానళ్లలో వాటా కూడా లేదు. అది సర్వర్‌లో ఒక పేరు, దాన్ని ఫాలో అయ్యేవాళ్ల జాబితా. ఆండ్రాయిడ్ 8 నుంచి వచ్చిన నోటిఫికేషన్ ఛానల్ కూడా అంతే, ఏ రకం నోటిఫికేషన్‌కు శబ్దం రావాలో నువ్వు నిర్ణయించుకోవడానికి పెట్టిన పేరు.

నువ్వు అడగలేదు కానీ, నాకు అన్నింటికంటే ఇష్టమైన ఛానల్ ఇంకొకటి ఉంది. ఎవరూ కట్టనిది. 1973లో కంప్యూటర్ శాస్త్రవేత్త బట్లర్ ల్యాంప్సన్ ఒక చిన్న వ్యాసంలో, డేటా బయటికి పంపే అనుమతి లేని ప్రోగ్రామ్ కూడా సిస్టమ్‌ను ఎక్కువగా, తక్కువగా వాడుతూ బయటివాడికి బిట్లు చేరవేయగలదని చూపించాడు. దాన్ని కోవర్ట్ ఛానల్ అన్నాడు. 1996లో క్రిప్టోగ్రఫీ నిపుణుడు పాల్ కోచర్, రహస్య కీతో లెక్క చేయడానికి పట్టే సమయాన్ని కొలిస్తే కీ బయటపడుతుందని రాశాడు. ప్రోగ్రామ్ ఏమీ లీక్ చేయాలని అనుకోలేదు, సమయమే సందేశమైంది. ఇలాంటివి సైడ్ ఛానళ్లు. 2018లో బయటికొచ్చిన స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే దాడులు కూడా ప్రాసెసర్ క్యాష్‌ను ఇలాగే చదివాయి. ఛానల్ అంటే దారి అన్న అర్థం మనసులో ఉంటేనే ఇవి అర్థమవుతాయి. ఒకచోట జరిగినదాని జాడ ఇంకోచోట కొలవగలిగితే, అక్కడ ఛానల్ ఉన్నట్టే. షానన్ లెక్క దానికీ పనిచేస్తుంది. నాయిస్ ఎక్కువైతే ఎక్కువసార్లు కొలవాలి, అంతే.

దీన్ని మీ ల్యాబ్‌లో ఆర్డుయినోతో చేసి చూడు. నాలుగు అంకెల రహస్య పిన్ నంబర్‌ను ఒక్కో అంకె పోల్చి, తేడా రాగానే ఆగిపోయే ఫంక్షన్ రాయి. మైక్రోస్ ఫంక్షన్ 16 మెగాహెర్ట్జ్ ఉనోలో 4 మైక్రోసెకన్ల మెట్లుగానే కదులుతుంది, ఒక అంకె పోలికకు అంత సమయం పట్టదు. కాబట్టి ఒకే పిన్‌ను వెయ్యిసార్లు పోల్చి మొత్తం సమయం తీసుకో. కంపైలర్ లూప్‌ను తీసేయకుండా వేరియబుల్స్‌కు వొలటైల్ పెట్టు. మొదటి అంకెను 0 నుంచి 9 దాకా మార్చుతూ సీరియల్ మానిటర్‌లో చూడు. పదింటిలో ఒక్కదానికి మాత్రం సమయం ఎక్కువ వస్తుంది. దాన్ని అలాగే ఉంచి రెండో అంకెకు వెళ్లు. నాలుగు అంకెలకు పదివేల ప్రయత్నాలు పట్టాల్సిన చోట నలభై లోపే పిన్ దొరుకుతుంది.